బడి ముందు రోడ్డు ఆర్‌అండ్‌బీది, లైట్లు మున్సిపాలిటీవి: ప్రమాదాలు ఆపాలంటే ఎవరిని అడగాలి?

ఏడో వార్డు

అందరికీ నమస్కారం. మాది గోదావరి జిల్లాల్లో ఒక చిన్న మున్సిపాలిటీ, ఊరి పేరు రాయను. ఊరి మధ్యలోంచి రాష్ట్ర రహదారి పోతుంది. దాని మీదే జడ్పీ హైస్కూలు గేటు, గేటుకి ఎదురుగా ఆటో స్టాండు, ఆ పక్కన కూరగాయల బళ్లు, కాస్త ముందుకెళ్తే రైతుబజారు సందు వచ్చి ఇదే రోడ్డులో కలుస్తుంది. పొద్దున్న బడి టైములో, మళ్లీ సాయంత్రం వదిలే టైములో అక్కడ రోడ్డు దాటడం పిల్లలకే కాదు, పెద్దవాళ్లకి కూడా ప్రాణసంకటం. ఇసుక టిప్పర్లు, కాలేజీ బస్సులు, కుర్రాళ్ల బైకులు ఏవీ తగ్గవు. ఈ మధ్యే ఒక పెద్దాయనని బైకు గుద్దితే తుంటి విరిగి మంచాన పడ్డారు. తొమ్మిదో తరగతి పిల్లకి చెయ్యి విరిగింది.

వార్డు సచివాలయంలో అడిగితే ఆ రోడ్డు మాది కాదు ఆర్‌అండ్‌బీది (రోడ్లు, భవనాల శాఖది) అన్నారు. ఆర్‌అండ్‌బీ వాళ్లని అడిగితే ఊళ్లో ఇలాంటివన్నీ మున్సిపాలిటీయే చూసుకోవాలి అన్నారు. పోలీసులు కొన్నాళ్లు బారికేడ్లు పెట్టి, తర్వాత ఏదో జాతర బందోబస్తుకి పట్టుకెళ్లిపోయారు. నాకు తెలియాల్సింది ఏంటంటే, మున్సిపాలిటీ రోడ్డు భద్రత కోసం అసలు ఏం చెయ్యగలదు, ఏది దాని చేతుల్లో లేదు, చెయ్యగలిగినవి చేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? నాయకులంతా ఇంతే లాంటి జవాబులు దయచేసి వద్దండి, అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత ఏఈ

అమ్మా, నేను మున్సిపల్ ఇంజనీరింగ్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేరి డీఈగా (డిప్యూటీ ఇంజనీరుగా) రిటైరయ్యాను. మీకు రెండు ఆఫీసుల్లో చెప్పినవి రెండూ సగం సగం నిజాలు.

ఊళ్లో రోడ్డంటే అన్నీ ఒకరివి కావు. జాతీయ రహదారి ఉంటుంది, ఆర్‌అండ్‌బీ రోడ్డు ఉంటుంది, ఊరు పెరిగి కలిసిపోయిన చోట పాత పంచాయతీరాజ్ రోడ్లుంటాయి, మిగతావి మున్సిపాలిటీవి. మీ బడి ముందు తారు ఆర్‌అండ్‌బీదే, దాన్ని తవ్వాలన్నా దాని మీద ఏదైనా కట్టాలన్నా వాళ్ల అనుమతి ఉండాలి. కానీ ఆ తారుకి అటూ ఇటూ ఉన్నవి చూడండి. వీధి లైట్లు, మురుగు కాలువ, దాని మీద పలకలు, నడవడానికి దారి, ఆక్రమణలు, బళ్లు, పార్కింగ్, రోడ్డు మీద పడుకునే పశువులు, పక్కనుంచి వచ్చి కలిసే సందులు, ఆ షాపుల బిల్డింగులకి ఇచ్చిన ప్లాన్లు, అన్నీ మున్సిపాలిటీ పనులే. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్లో, అంటే మున్సిపాలిటీలకి అప్పగించగల పనుల జాబితాలో, రోడ్లు, వంతెనలు ఉన్నాయి. వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్ స్టాపులు కూడా పేరు పెట్టి మరీ ఉన్నాయి. ప్రమాదాలకి స్పీడొక్కటే కారణం అయితే పోలీసులకి వదిలేయొచ్చు. చీకటి, దాటడానికి చోటు లేకపోవడం, నడవడానికి దారి లేక తారు మీదకి దిగడం, ఇవి మాత్రం మున్సిపాలిటీ లెక్కలోకే వస్తాయి.

కాబట్టి మీరు ముందు చెయ్యాల్సింది ఒక కాగితం మీద ఆ జంక్షన్ బొమ్మ గీసి, ఏది ఎవరిదో రాసుకోవడం. లైటు మున్సిపాలిటీది, స్తంభం కరెంటు వాళ్లది. కాలువ మున్సిపాలిటీది, తారు ఆర్‌అండ్‌బీది. ఇలా విడదీసి అడిగితే ఎవరూ తప్పించుకోలేరు. "ఇక్కడ ప్రమాదాలు జరుగుతున్నాయి, చర్య తీసుకోండి" అని ఒక్క ముక్కలో రాసిన అర్జీ మాత్రం ఆఫీసులు తిరిగి తిరిగి ఎక్కడో ఒక చోట ఆగిపోతుంది. నా సర్వీసులో అలాంటివి చాలా చూశాను.

మానేరు

మాది తెలంగాణ అక్కా. మా దగ్గర 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం వార్డుకి నాలుగు కమిటీలు ఉండాలె. యువతకి, మహిళలకి, సీనియర్ సిటిజన్లకి, ఊళ్లో పేరున్నవాళ్లకి ఒక్కొక్కటి, ఒక్కో దాంట్ల 15 మంది. మా వార్డుల మహిళల కమిటీ వాళ్లే వెంటపడి అంగన్‌వాడీ దగ్గర మోరీ మీద పలకలు ఏపిచ్చిన్రు. అంతకుముందు ఆ మోరీల బైకులు పడేవి. కౌన్సిలర్ ఒక్కడు అడిగితే ఒక లెక్క, కమిటీ సంతకాలతోని వస్తే ఇంకో లెక్క. సోమవారం కలెక్టరేట్‌ల ప్రజావాణికి కూడా పోయినం, అక్కడ ఇచ్చిన కాగితానికి నంబర్ పడతది. మీ ఏపీల కూడా సోమవారాలే ఉంటది కదా.

ఏడో వార్డు

అవును తమ్ముడూ, ఇక్కడ దాన్ని పీజీఆర్‌ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక) అంటారు. ఒకసారి ఇచ్చాను. "సంబంధిత శాఖకు పంపడమైనది" అని మెసేజ్ వచ్చింది, ఆ సంబంధిత శాఖ మళ్లీ మా సచివాలయమే. ఏఈ గారూ, మీరు చెప్పినట్టు బొమ్మ గీస్తాను. కానీ అందరూ అడుగుతున్నది స్పీడ్ బ్రేకరే. అది వేయిస్తే సరిపోదా?

పల్లెవెలుగు

నేను ఆర్టీసీ డ్రైవర్ని. స్పీడ్ బ్రేకర్ అనగానే అందరూ సంతోషపడతారు గానీ దాని మీద రోజూ బస్సు నడిపేవాళ్లని కూడా అడగండి. మా రూట్లో ఒక ఊళ్లో యాక్సిడెంట్ జరిగిన రాత్రే జనం కోపంతో సిమెంటు కలిపి గట్టు పోసేశారు. రంగు లేదు, బోర్డు లేదు, లైటు లేదు. తర్వాత ఆ గట్టు మీదే బైకు ఎగిరి భార్యాభర్తలు పడ్డారు, ఆవిడ తలకి దెబ్బ. మాకు వెనక సీట్లో ముసలివాళ్లు, గర్భిణులు ఉంటారు, ఎంత మెల్లగా ఎక్కించినా నడుం అదిరిపోతుంది. 108 వాళ్ల బాధ ఇంకా ఎక్కువ.

అలాగని వద్దనడం లేదు. బడి దగ్గర కావాల్సిందే. ఎలా వేస్తారు, ఎక్కడ వేస్తారు అనేది చూడాలి.

పాత ఏఈ

డ్రైవర్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దీనికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలున్నాయి, ఐఆర్‌సీ 99 అనే పుస్తకంలో. బండి 25 కిలోమీటర్ల స్పీడులో కుదుపు లేకుండా దాటాలంటే గట్టు 3.7 మీటర్ల వెడల్పు, నడిమధ్య 10 సెంటీమీటర్ల ఎత్తు, పైన గుండ్రంగా 17 మీటర్ల వ్యాసార్ధంతో ఉండాలి. అంటే బండి పొడవునా మెల్లగా ఎక్కి మెల్లగా దిగాలి. మన ఊళ్లలో కనిపించేవి అడుగు వెడల్పు, అరడుగు ఎత్తు గోడలు. గట్టుకి 40 మీటర్ల ముందు బోర్డు ఉండాలి, రాత్రి హెడ్‌లైటుకి మెరిసేలా పెయింటు ఉండాలి. ఇవి లేకుండా కట్టిన గట్టే ఒక ప్రమాదం.

జాతీయ రహదారి మీద అయితే స్పీడ్ బ్రేకర్లు ఉండకూడదు. ఉన్నవి తీసెయ్యమని 2016లో కేంద్ర రవాణా శాఖ సర్క్యులర్ కూడా ఇచ్చింది. మీది రాష్ట్ర రహదారి, అక్కడ కూడా పెద్ద రోడ్డు కాబట్టి ఆర్‌అండ్‌బీ వాళ్లు వెంటనే ఒప్పుకోరు. అయితే ఒక తేలిక మార్గం ఉంది. మీ రైతుబజారు సందు మున్సిపాలిటీది కదా, ఆ సందు పెద్ద రోడ్డులో కలిసే చోట, పెద్ద రోడ్డు అంచుకి సుమారు 5 మీటర్ల వెనక గట్టు వెయ్యమని ఐఆర్‌సీయే చెబుతుంది. దీనికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, మున్సిపాలిటీ తన డబ్బుతో వేసుకోవచ్చు. సందులోంచి దూసుకొచ్చే బైకులు అక్కడ తగ్గుతాయి. మీ రాతని బట్టి చూస్తే సగం గొడవ ఆ మూలే అనిపిస్తోంది.

బడి గేటు ముందు మాత్రం గట్టు కన్నా టేబుల్‌టాప్ క్రాసింగ్ అడగండి. జీబ్రా క్రాసింగునే ఫుట్‌పాత్ ఎత్తుకి లేపి, అటూ ఇటూ వాలు ఇస్తారు. బండి తగ్గుతుంది, పిల్లలు దిగకుండా ఎక్కకుండా ఒకే మట్టంలో దాటతారు, చక్రాల కుర్చీ కూడా పోతుంది. కాకపోతే వాన నీళ్లు పోవడానికి పక్కన పైపు వదలాలి. అది మర్చిపోతే అక్కడ చెరువే.

బడిగంట

నేను టీచర్ని, వేరే జిల్లా. ఒక మాట చెప్పాలి. ప్రతి జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవాలు అని మా పిల్లల చేత ర్యాలీ తీయిస్తారు, వ్యాసరచన పెడతారు, ఫొటోలు దిగుతారు. ర్యాలీ ఏ రోడ్డు మీద తీస్తామో ఆ రోడ్డు మీద ఫుట్‌పాత్ లేదు. పన్నెండేళ్ల పిల్లకి జాగ్రత్తగా దాటమని చెప్పడం మా బాధ్యతే, చెబుతూనే ఉన్నాం. కానీ ఆ వయసు పిల్లలు ఎదురుగా వచ్చే బండి స్పీడు సరిగ్గా అంచనా వెయ్యలేరు. స్నేహితురాలు పిలిస్తే పరిగెత్తుతారు. పిల్లల్ని మార్చడం కంటే గేటు ముందు రోడ్డుని మార్చడం సులువు.

మేము డబ్బు పెట్టకుండా చేసింది ఒకటుంది. బడి వదిలేటప్పుడు ఆరు, ఏడు తరగతులని ముందు, మిగతావాళ్లని పది నిమిషాల తర్వాత పంపుతున్నాం. ఆటోలు, తల్లిదండ్రుల బైకులు గేటు ఎదురుగా కాకుండా పక్క సందులో ఆగేలా మున్సిపాలిటీ వాళ్లు తాళ్లు కట్టి గీతలు గీశారు. మొదట తల్లిదండ్రులే గొడవపడ్డారు, నాలుగు అడుగులు నడవాలా అని. ఇప్పుడు గేటు ముందు ఖాళీగా ఉంటోంది, పిల్లలకి వచ్చే బండి కనబడుతోంది. ఆగి ఉన్న ఆటో వెనక నుంచి పిల్ల హఠాత్తుగా బయటికి రావడమే మా దగ్గర ముందు జరిగిన దెబ్బలన్నిటికీ కారణం.

నల్లకోటు

చట్టం సంగతి చెబుతాను, లాయర్ని.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఏ అనే సెక్షన్ చేర్చారు. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణ ప్రమాణాల ప్రకారం లేక ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా ఆ సంస్థకి, కాంట్రాక్టరుకి, కన్సల్టెంటుకి లక్ష రూపాయల వరకు జరిమానా. ఆ డబ్బు బాధితులకి నేరుగా రాదు, ప్రమాదాల నిధికి పోతుంది. లక్ష అనేది తక్కువే, నాకూ తెలుసు. కానీ "ఇక్కడ ప్రమాదం ఉందని మీకు ఫలానా తేదీన రాతపూర్వకంగా చెప్పాం" అనే కాగితం ఫైల్లో ఉంటే రేపు ఎవరూ మాకు తెలియదు అనలేరు. అందుకే నోటితో చెప్పకండి. రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి.

రెండోది, అదే చట్టంలో 215వ సెక్షన్ కింద ప్రతి జిల్లాకి రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. కలెక్టర్ అధ్యక్షులు, ఎస్పీ, ఆర్‌అండ్‌బీ, రవాణా, వైద్య శాఖలవాళ్లు కూర్చుంటారు, మున్సిపల్ కమిషనర్లనీ పిలుస్తారు. మీ సమస్య రెండు శాఖల మధ్య నలుగుతోంది కాబట్టి అది తేలాల్సిన బల్ల అదే. వార్డు సచివాలయంలో అది తేలదు. పీజీఆర్‌ఎస్ అర్జీలో "దీన్ని జిల్లా రోడ్డు భద్రతా కమిటీ అజెండాలో పెట్టండి" అని స్పష్టంగా అడగండి, లేకపోతే మళ్లీ సచివాలయానికే తిరిగొస్తుంది.

మూడోది సమాచార హక్కు. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. ఆ చోట గత మూడేళ్లలో ఎన్ని ప్రమాదాల కేసులు నమోదయ్యాయి, ఆ రోడ్డు హద్దులో ఏ పనికి ఏ శాఖ బాధ్యత, లైట్ల నిర్వహణ కాంట్రాక్టు ఎవరిది, చివరి కమిటీ మినిట్స్ కాపీ. ఈ నాలుగూ అడిగితే చాలు.

కూడలి

బ్లాక్ స్పాట్ అని ప్రకటించమని అడిగితే పని త్వరగా అవుతుంది కదా సార్? మా దగ్గర హైవే మీద అలా అయ్యింది.

నల్లకోటు

హైవేకి అయితే అవుతుంది. కేంద్రం లెక్కలో బ్లాక్ స్పాట్ అంటే సుమారు 500 మీటర్ల ముక్కలో గత మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5 జరిగి ఉండాలి, లేదా మొత్తం 10 మంది చనిపోయి ఉండాలి. బడి ముందు రోడ్డుకి ఆ లెక్క చేరాలని ఎవరు కోరుకుంటారు? పైగా ఊళ్లో జరిగే దెబ్బల్లో సగం పోలీసు దాకా రావు, అక్కడికక్కడే రాజీ అయిపోతాయి. కేసు లేకపోతే లెక్కలో ఉండదు. ఇప్పుడు ఐరాడ్ అని రోడ్డు ప్రమాదాల డేటాబేస్ ఒకటి ఉంది, ఐఐటీ మద్రాస్, కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ కలిసి తయారుచేసింది, పోలీసులు ప్రమాద స్థలం నుంచే ఫోన్లో జీపీఎస్‌తో ఎక్కిస్తారు. అది మంచి వ్యవస్థే, కానీ ఎక్కిస్తేనే కనిపిస్తుంది. చిన్న దెబ్బయినా స్టేషన్‌లో చెప్పండి. బాధితుడిని ఆస్పత్రికి తీసుకెళ్తే కేసులో ఇరికిస్తారని భయపడే రోజులు పోయాయి. 2016లో సుప్రీంకోర్టు తీర్పు, తర్వాత మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకి రక్షణ ఇచ్చాయి.

తోపుడుబండి

ఇప్పటిదాకా అందరూ చదువుకున్నవాళ్లే మాట్లాడారు. మా నాన్న ముప్పై ఏళ్లుగా ఇలాంటి బడి ముందే బండి పెడతాడు. రోడ్డు భద్రత అన్న ప్రతిసారీ ముందు లేపేది మమ్మల్నే. కారు మూడు గంటలు అక్కడే ఆపి షాపింగుకి పోయినాయన్ని ఎవరూ ఏమనరు. మా బండి తీసేసిన చోట రెండో రోజుకి రెండు కార్లు ఆగి ఉంటాయి, ఫుట్‌పాత్ ఎక్కడికీ రాదు. మీరు అర్జీ రాసేటప్పుడు ఆక్రమణలు తొలగించండి అని ఒక్క ముక్క రాస్తే దాని అర్థం మా పొట్ట కొట్టడమే అవుతుంది, కాస్త ఆలోచించండి.

పాత ఏఈ

తమ్ముడూ, నువ్వు చెప్పింది నేను ఫీల్డులో కళ్లారా చూశాను. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వ్యాపారులు ఎన్నుకున్న వ్యాపారులే ఉండాలి. ఎక్కడ బళ్లు పెట్టొచ్చు ఎక్కడ పెట్టకూడదు అన్నది ఆ కమిటీతో మాట్లాడి తేల్చాలి, పొద్దున్నే ట్రాక్టరు తెచ్చి ఎక్కించుకుపోవడం పద్ధతి కాదు. జంక్షన్ మూలల్లో, క్రాసింగ్‌కి రెండు వైపులా బండీ ఉండకూడదు, కారూ ఉండకూడదు, ఆటోవాళ్లకీ అదే మాట. అక్కణ్ణుంచి ముప్పై నలభై అడుగులు జరిపి గీత గీసి చోటు చూపిస్తే మీ నాన్నగారి బేరం పోదు, పిల్లలకి రోడ్డు కనిపిస్తుంది. బళ్లు ఉన్న వీధిలో రాత్రిళ్లు జనం, వెలుతురు ఉంటాయి, అది కూడా ఒక రకం భద్రతే.

చెన్నై టీ.నగర్‌లో పాండీ బజారుకి మన తెలుగువాళ్లు చీరలకి వెళ్తూనే ఉంటారు. 2019లో అక్కడ కార్పొరేషన్ రోడ్డుని తగ్గించి నడిచేవాళ్లకి వెడల్పు దారి ఇచ్చింది. అంతకు అయిదేళ్ల ముందే, 2014లో, నడక, సైకిళ్ల కోసం వాళ్ల కౌన్సిల్ ఒక విధానం ఆమోదించుకుంది. ముందు విధానం, తర్వాత డబ్బు, తర్వాత రోడ్డు. మనవాళ్లు తిరగేసి చేస్తారు.

లీసెస్టర్ నుంచి

నేను ఇంగ్లండ్‌లో ఉంటున్నాను, మాది భీమవరం దగ్గర. ఇక్కడ కౌన్సిల్ ఎలా చేస్తుందో చెబితే పోల్చుకోవడానికి పనికొస్తుందని రాస్తున్నాను, అక్కడా అలాగే జరగాలని కాదు.

ఇక్కడ తేడా డబ్బు ఒక్కటే కాదు, బాధ్యత ఎవరిదో చట్టంలో స్పష్టంగా ఉంది. 1988 రోడ్ ట్రాఫిక్ చట్టం 39వ సెక్షన్ ప్రకారం స్థానిక కౌన్సిల్ తన పరిధిలో జరిగిన ప్రమాదాలని అధ్యయనం చెయ్యాలి, అవి మళ్లీ జరగకుండా చర్యలు తీసుకోవాలి. చెయ్యొచ్చు అని కాదు, చెయ్యాలి అని ఉంది. మా వీధిలో స్పీడ్ హంప్ వెయ్యాలంటే కౌన్సిల్ ముందు పోలీసులని, అగ్నిమాపక, అంబులెన్స్ వాళ్లని అడగాలి, పేపర్లో, వీధిలో నోటీసు పెట్టాలి, అభ్యంతరాలకి 21 రోజులు ఇవ్వాలి. ఎత్తు 10 సెంటీమీటర్లు దాటకూడదు. ఏఈ గారు చెప్పిన కొలతే! ఆ నోటీసుకి మా వీధివాళ్లు చాలామంది ఉత్తరాలు రాశారు, వద్దని కూడా రాశారు. ఆలస్యం అయ్యింది కానీ వేశాక ఎవరూ పగలగొట్టలేదు.

బడి దగ్గర పసుపు రంగు కోటు వేసుకుని, చేతిలో గుండ్రటి బోర్డున్న కర్రతో ఒక పెద్దావిడ నిలబడి బళ్లు ఆపుతారు. ఆ బోర్డు చూపిస్తే ఆగి తీరాలని చట్టం. వేల్స్‌లో అయితే 2023 సెప్టెంబరు నుంచి ఇళ్లున్న వీధుల్లో మామూలు స్పీడ్ లిమిట్ గంటకి 20 మైళ్లు, అంటే సుమారు 32 కిలోమీటర్లు. దాని మీద జనంలో పెద్ద గొడవే అయ్యింది, తర్వాత కొన్ని రోడ్లని మళ్లీ 30 మైళ్లకి మార్చుకునే వీలు కౌన్సిళ్లకి ఇచ్చారు.

మన దగ్గర ఊరి లోపల ఎంత?

నల్లకోటు

2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం మున్సిపల్ హద్దుల్లో రోడ్ల మీద కార్లకి గరిష్ఠం గంటకి 70 కిలోమీటర్లు, బైకులకి 60. బడి ముందుకి ఇది చాలా ఎక్కువ. కానీ అది పైపరిమితి మాత్రమే. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వం, అది అధికారం ఇచ్చిన సంస్థ, జనం భద్రత కోసం ఫలానా రోడ్డు మీద అంతకన్నా తగ్గించవచ్చు, ఆ మేరకు బోర్డులు పెట్టాలి. దాన్ని అడిగేవాళ్లే తక్కువ. 2020లో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ సదస్సులో, మనుషులు, బళ్లు కలిసి తిరిగే చోట 30 కిలోమీటర్లే ఉండాలని తీర్మానించారు.

పల్లెవెలుగు

30 బోర్డు పెడితే ఎవరైనా ఆగుతారా అని కొందరంటారు. బోర్డు ఒక్కటే పెడితే ఆగరు, నిజమే. రోడ్డు వెడల్పుగా, నున్నగా, ఖాళీగా కనిపిస్తే నా కాలు కూడా యాక్సిలరేటర్ మీదకే పోతుంది. మధ్యలో డివైడరుకి చిన్న గ్యాప్, అక్కడ మనిషి నిలబడే చోటు, తెల్ల గీతలు, క్రాసింగ్ మీద పడే లైటు ఉంటే దూరం నుంచే తెలుస్తుంది ఇక్కడ మనుషులు దాటతారని. మాకు కావాల్సింది అదే, ముందుగా తెలియడం. ఇంకోటి, బస్ స్టాప్ సరిగ్గా జంక్షన్ మూల మీద పెట్టకండి. బస్సు ఆగగానే దాని ముందు నుంచి దాటేస్తారు, పక్కనుంచి వచ్చే బైకువాడికి మనిషి కనిపించడు. స్టాపుని జంక్షన్ దాటాక కొంచెం ముందుకి జరపమని డిపో మేనేజరుకి కూడా ఒక కాపీ ఇవ్వండి మేడం.

పశువుల సంగతి కూడా రాయండి. రాత్రి వానలో నల్ల గేదె తారు మీద పడుకుంటే దగ్గరికి వచ్చేదాకా కనబడదు.

మాజీ కౌన్సిలర్

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఒక టర్ము కౌన్సిలర్‌గా చేశాను, పార్టీ గొడవ ఇక్కడ అనవసరం. కౌన్సిల్ లోపల పని ఎలా నడుస్తుందో ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను.

సమావేశంలో లేచి మా వార్డులో ప్రమాదాలు జరుగుతున్నాయని గట్టిగా అరిస్తే పేపర్లో వస్తుంది, పని అవ్వదు. పని అవ్వాలంటే అది అజెండాలో ఒక అంశంగా రావాలి. అజెండాలోకి రావాలంటే ఇంజనీరింగ్ సెక్షన్ నుంచి ఎస్టిమేట్ రావాలి. ఎస్టిమేట్ రావాలంటే ఏఈ వచ్చి కొలవాలి. కొలిపించడానికి వెంటపడేవాళ్లు ఎవరూ ఉండరు, అక్కడే ఆగిపోతుంది. సిమెంటు రోడ్డుకి, కాలువకి కాంట్రాక్టరు తనే తిరిగి ఎస్టిమేట్ చేయించుకుంటాడు, ఎందుకంటే అందులో పని పెద్దది. తెల్ల గీతలకి, బోర్డులకి, క్రాసింగ్‌కి తిరిగే కాంట్రాక్టరు ఉండడు. చిన్న పని కావడమే దాని ఖర్మ. అందుకని నేను ఊరి మొత్తం బడులు, ఆస్పత్రి, బస్టాండు జంక్షన్లన్నిటికీ గీతలు, బోర్డులు, సోలార్ బ్లింకర్లు కలిపి ఒకే ఎస్టిమేట్ చేయించాను, అప్పుడు టెండరుకి మనుషులు వచ్చారు. మీ కౌన్సిలర్‌కి ఇదే చెప్పండి. మిగతా వార్డుల కౌన్సిలర్లు కూడా చేతులెత్తుతారు, ఎందుకంటే వాళ్ల వార్డుకీ ఏదో ఒకటి వస్తుంది.

ఆర్‌అండ్‌బీ తారు మీద పనికి కౌన్సిల్ తీర్మానం చేసి వాళ్ల ఈఈకి (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకి) పంపాలి. "మా ఖర్చుతో మేమే చేస్తాం, అనుమతి ఇవ్వండి" అని రాస్తే త్వరగా ఇస్తారు. "మీరే చెయ్యండి" అని రాస్తే వాళ్ల బడ్జెట్ వచ్చేదాకా కూర్చోవాలి. బడ్జెట్ తయారయ్యే ముందే, అంటే సంక్రాంతి లోపలే, మీ అంశం వెళ్లిపోతే మంచిది. ఆ తర్వాత వెళ్తే నిధులు లేవంటారు.

ఇంకో విషయం, ఇది నాకు బాగా మనసులో ఉండిపోయింది. పైపులైన్లకి, కేబుళ్లకి రోడ్డు తవ్వుకోవడానికి అనుమతి ఇచ్చేటప్పుడు మున్సిపాలిటీ తిరిగి పూడ్చడానికి డబ్బు కట్టించుకుంటుంది. ఆ డబ్బు వచ్చి జనరల్ ఫండ్‌లో కలిసిపోతుంది, గుంత మాత్రం అలాగే ఉంటుంది. మా ఊళ్లో పాలు పోసే అతను తెల్లవారుజామున అలాంటి గాడిలో చక్రం దిగబడి పడిపోయి చనిపోయాడు. ఆ గాడి పూడ్చడానికి డబ్బు అప్పటికే కట్టి ఉంది. దాని మీద నేను అడిగిన ప్రశ్నకి జవాబు రాలేదు. మీ ఊళ్లో తవ్వకాల అనుమతుల లిస్టు, కట్టిన డబ్బు, పూడ్చిన తేదీ, ఈ మూడూ సమాచార హక్కులో తప్పకుండా అడగండి.

మానేరు

సార్, చదువుతుంటే గుండె బరువైంది. 2022ల దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్ల 1,68,491 మంది పోయిన్రు, అండ్ల 32,825 మంది నడుచుకుంట పోయేటోళ్లే. మీరు చెప్పిన పాలాయన లాంటోళ్లు బైకుల లెక్కల ఉంటరు, అది ఇంకా ఎక్కువ.

ఏడో వార్డు

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. ఏఈ గారు చెప్పినట్టు మా తమ్ముడు, నేను, ఇద్దరు టీచర్లు కలిసి బడి ముందు నిలబడి చూసి బొమ్మ గీశాం. గీస్తుంటేనే చాలా విషయాలు బయటపడ్డాయి. గేటు ముందు రెండు లైట్లు వెలగడం లేదు, ఒకదాన్ని వేపకొమ్మ మూసేసింది. కాలువ మీద నాలుగు పలకలు లేవు, అందుకే పిల్లలు తారు మీద నడుస్తున్నారు. డివైడరు మధ్యలో ఎవరో ఇనప కంచె పీకేసి దారి చేసుకున్నారు, అందరూ అక్కడే దాటుతున్నారు, అది సరిగ్గా మలుపు దగ్గర. ఇవేవీ ఆర్‌అండ్‌బీని అడగాల్సినవి కావు, కంచె తప్ప.

కూరగాయల బళ్లవాళ్లతో కూడా మాట్లాడాం. మూల నుంచి జరగడానికి వాళ్లు సిద్ధమే, ఆటోలు కూడా జరిగితేనే అన్నారు, ఆ మాట న్యాయంగానే ఉంది. ఆటో యూనియన్ ఇంకా తేల్చలేదు, సవారీ పోతుందని వాళ్ల భయం.

అర్జీని మూడుగా విడగొట్టాను. మున్సిపాలిటీకి: లైట్లు, కొమ్మ నరకడం, కాలువ పలకలు, రైతుబజారు సందు మూల మీద ఐఆర్‌సీ కొలతల ప్రకారం గట్టు, బళ్లకీ ఆటోలకీ గీతలు గీసి చోటు, రాత్రిళ్లు పశువులని బందెలదొడ్డికి తోలడం. ఆర్‌అండ్‌బీకి: మలుపు దగ్గర కంచె మూయడం, దాని బదులు గేటు ముందు టేబుల్‌టాప్ క్రాసింగ్, డివైడరులో ఆగే చోటు, బోర్డులు. జిల్లా కమిటీకి: బడి ముందు 30 కిలోమీటర్ల పరిమితి, బడి టైములో టిప్పర్లు ఊళ్లోకి రాకుండా ఆంక్ష. డిపో మేనేజరుకి కాపీ పెడుతున్నాను. ఇంకేమైనా వదిలేశానా?

పాత ఏఈ

బాగా చేశారమ్మా. కంచె ఒక్కటే మూస్తే మళ్లీ పీకుతారు, కొత్త క్రాసింగ్ తెరిచిన రోజే అది మూయాలని రాయండి, ఆ వరస ముఖ్యం. టేబుల్‌టాప్ కింద నీళ్లు పోయే పైపు సంగతి కూడా ఒక లైను చేర్చండి. గట్టు వేసే రోజు మీరో, మీ తమ్ముడో టేపు పట్టుకుని అక్కడ ఉండండి. ఆరిపోయాక ఎవరూ సరిచెయ్యరు.

నల్లకోటు

కౌన్సిల్‌కి ఇచ్చే కాపీ కమిషనర్ పేరు మీద ఇచ్చి, ఛైర్‌పర్సన్‌కి, మీ కౌన్సిలర్‌కి కూడా ఇవ్వండి. మూడింటి మీదా స్టాంపు, తేదీ వేయించుకోండి. ఆ ఇద్దరి గాయాలకీ స్టేషన్‌లో కేసు నమోదైందో లేదో చూసి, అయితే ఎఫ్ఐఆర్ నంబర్లు అర్జీలో రాయండి.

ఏడో వార్డు

పెద్దాయనకి కేసు ఉంది, పిల్లకి లేదు. వాళ్లమ్మతో మాట్లాడాను, రేపు పొద్దున్న నాతో స్టేషన్‌కి వస్తానంది. అర్జీలు సోమవారం ఇస్తున్నాం.

తోపుడుబండి

అక్కా, వెండింగ్ కమిటీకి కూడా ఒక కాపీ ఇవ్వండి. మీ ఊళ్లో కమిటీ లేకపోతే అది ఎందుకు లేదని కూడా అందులోనే అడగండి.